నాగజెముడు చేసిన నేరమేమి?

పాడుబడ్డ కొంప గురించి చెప్పాలంటే జిల్లేళ్ళూ జెముళ్ళూ మొలిచాయంటాం. ఊరి బయట గట్టున, పాటిదిబ్బ మీద, పాత కోటగోడ పక్కన పడగలెత్తిన పాముల్లా నిలబడే నాగజెముడును చూసి మెచ్చుకున్నవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. బట్ట చిరిగితే తిడతాం, వేలికి ముల్లు గుచ్చుకుంటే తిడతాం. వృక్షశాస్త్రం చదువుతున్నవాణ్ణి కనుక ఈ తిట్లలో న్యాయమెంతో తేల్చుకుందామని కొంతకాలంగా ఈ మొక్క చరిత్ర తిరగేస్తున్నాను. తిరగేసిన కొద్దీ ఆశ్చర్యం పెరిగింది. ఒక దేశంలో జెండా మీదికెక్కిన మొక్క మరొక దేశంలో రైతుల్ని పొలాలు వదిలి పారిపోయేట్టు చేసింది. ఒక చోట ఆ మొక్క బెడద తీర్చిన పురుగు ఇంకొక చోట పేదవాడి నోటిముందు కూడు లాగేసింది. మరి నేరం ఎవరిది?

ఇది ఊసుపోక వేసుకునే ప్రశ్న కాదు. కరువు జిల్లాల్లో పశువుల మేతకు ముళ్ళులేని నాగజెముడు నాటుకోవచ్చునన్న మాట మన దేశంలో ఈ మధ్య మళ్ళీ వినబడుతోంది. అవుననాలన్నా కాదనాలన్నా ముందు ఈ మొక్క సంగతి తెలియాలి కదా! సైన్సు చదవనివారు కూడా చదువుతారని ఆశించి రాస్తున్నాను గనుక లాటిన్ పేర్ల జోలికి అవసరమైనంత మేరకే పోతాను.

ఏది జెముడు?

మన పల్లెల్లో జెముడు అనే పేరు చాలా మొక్కలకు ఉంది. బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు, నాగజెముడు. వీటికి పేరులో ఉన్న చుట్టరికం పుట్టుకలో లేదు. మొదటి మూడూ యూఫోర్బియా ప్రజాతివి, ఆముదం చెట్టు కుటుంబానికి చెందినవి. గిల్లితే పాలు కారతాయి, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. నాగజెముడు మట్టను కోస్తే పాలు రావు, జిగురు సాగుతుంది. దీనిది ఒపన్షియా ప్రజాతి, కాక్టేసీ కుటుంబం. అనంతపురానికి అవతల కన్నడ సీమలో దీన్ని పాపాసుకళ్ళి అంటారు.

కాక్టేసీ కుటుంబం పూర్తిగా అమెరికా ఖండాల సొత్తు. చెట్లకొమ్మల మీద వేలాడుతూ పెరిగే రిప్సాలిస్ అనే మొక్క ఒక్కటే ఆఫ్రికాలోనూ శ్రీలంకలోనూ కూడా సహజంగా కనిపిస్తుంది. మిగిలినవన్నీ అక్కడివే. అంటే 1492లో కొలంబస్ అట్లాంటిక్ దాటకముందు మన నేల మీద నాగజెముడు లేదన్నమాట. మిరపకాయ, వేరుశనగ, జామపండు వచ్చిన దారిలోనే ఇదీ సముద్రాలు దాటి వచ్చింది. వాటిని మనవే అనుకున్నాం, దీన్ని మాత్రం పరాయిదానిగానే ఉంచాం.

పేరు సంగతి తమాషాగా ఉంటుంది. ప్రాచీన గ్రీసులో ఓపస్ అనే పట్టణం దగ్గర, ఆకు పాతితే వేళ్ళు తొడిగే మొక్క ఒకటి ఉండేదని పూర్వులు రాసి పెట్టారు. అమెరికా మొక్కకు ఆ లక్షణం ఉండడం చూసి ఐరోపావారు ఆ ఊరి పేరే దీనికి తగిలించారు. 1754లో ఫిలిప్ మిల్లర్ అనే ఇంగ్లీషు ఉద్యానవేత్త ఒపన్షియా అన్న ప్రజాతి పేరును శాస్త్రీయంగా స్థిరపరచాడు. ఈ ప్రజాతిలో 150కి పైగా జాతులు ఉన్నాయి.

నీటిని దాచుకునే విద్య

నాగజెముడుకు ఆకులు లేవంటాం. ఉన్నాయి, మనం చూడం, అంతే. లేత మట్ట మీద జాగ్రత్తగా చూస్తే చిన్న చిన్న మొనదేలిన ఆకులు కనిపిస్తాయి. కొద్ది రోజుల్లోనే అవి రాలిపోతాయి. మనం ఆకు అనుకునే ఆ వెడల్పాటి పచ్చని మట్ట నిజానికి కాండం. పాఠ్యపుస్తకాల్లో దీన్నే పత్రాభకాండం అంటారు. ఆకు చెయ్యవలసిన వంట పని కాండం చేస్తోంది, నీళ్ళు దాచే గోలెం పని కూడా అదే చేస్తోంది. పైన మైనపు పొర దట్టంగా ఉంటుంది. పత్రరంధ్రాలు తక్కువ. మట్ట మీద వరుసలు తీరిన చుక్కల్లాంటివి ఉంటాయే, అవి కురచబడిన కొమ్మలు. వాటి నుంచే ముళ్ళూ, పూలూ, కొత్త మట్టలూ పుడతాయి. ముల్లు రూపం మార్చుకున్న ఆకే.

ముళ్ళలో రెండు రకాలు. పెద్దముల్లు కంటికి కనిపిస్తుంది గనుక తప్పుకోవచ్చు. దాని మొదట్లో గుత్తిగా ఉండే నూగుముళ్ళతోనే చిక్కంతా. వీటికి చేపల గాలానికి ఉన్నట్టు వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి. పెద్దముల్లు గుచ్చుకున్నవాడు అబ్బా అని ఊరుకుంటాడు. నూగుముళ్ళు అంటుకున్నవాడు రెండు మూడు రోజులు గోక్కుంటాడు. ఈ ప్రజాతికి ప్రత్యేక లక్షణాల్లో ఇదొకటి.

వేళ్ళు లోతుకు పోవు. జానెడు లోతులోనే చుట్టూ పరుచుకుంటాయి. ఎడారిలో పడే చిన్న జల్లు భూమిలోకి దిగకముందే అందుకోవాలి గదా! వాన పడ్డ వెంటనే కొత్త పీచువేళ్ళు పుట్టి ఆ తడిని తాగుతాయి. మళ్ళీ ఎండ ముదరగానే అవి ఎండిపోతాయి.

అసలు విద్య వేరే ఉంది. మామూలు మొక్క పగలు పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డై ఆక్సైడ్ వాయువును లోపలికి పీల్చుకుంటుంది. ఆ తెరిచిన తలుపులోంచే నీరు ఆవిరై పోతుంది. మండుటెండలో తలుపు తెరిస్తే నష్టమెంతో ఊహించండి. నాగజెముడు గడుసు సంసారి. పగలంతా తలుపులు బిగించుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. రాత్రి తీసుకున్న వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి కణాలలోని తిత్తుల్లో దాచుకుంటుంది. తెల్లవారాక తలుపు మూసి, దాచుకున్న ఆమ్లం నుంచి ఆ వాయువును మళ్ళీ విడదీసి, సూర్యరశ్మితో పిండిపదార్థం తయారు చేసుకుంటుంది. ఒక గ్రాము కార్బన్ డై ఆక్సైడును పట్టుకోవడానికి వరి వంటి మామూలు మొక్క 400 నుంచి 500 గ్రాముల నీరు ఖర్చు చేస్తే, ఈ పద్ధతి పాటించే మొక్కకు 50 నుంచి 100 గ్రాములు చాలు.

నాగజెముడు మట్టలు చీకట్లో కార్బన్ డై ఆక్సైడును పీల్చుకుంటాయని 1804లోనే స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు సోస్యూర్ రాశాడు. ఇందులో మన ఆంధ్రదేశానికీ కొంత సంబంధం ఉంది. బెంజమిన్ హైన్ అనే వైద్యుడు 18వ శతాబ్దం చివర సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటలను చూసుకునేవాడు. ఆయనకు ముందు ఆ పని చేసినవాడు ప్రసిద్ధుడైన విలియం రాక్స్‌బర్గ్. ఈ హైన్ గారు రణపాల ఆకును ఉదయం నమిలితే పుల్లగా ఉంటుందనీ, మధ్యాహ్నానికి రుచి ఉండదనీ, సాయంత్రానికి కాస్త చేదు తిరుగుతుందనీ లండన్‌కు ఉత్తరం రాశాడు. అది 1815లో అచ్చయింది. రాత్రి చేరిన ఆమ్లం పగటికి ఖర్చయిపోవడమే ఆ పులుపు కథ. నేనూ నమిలి చూశాను. నమ్మకం కుదరనివారు పెరట్లో రణపాల ఉంటే తెల్లవారుజామున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి రుచి చూడండి, చాలు.

పుట్టింట్లో మర్యాద

ఇంత పొదుపరి మొక్కను దాని పుట్టింటివారు ఎలా చూశారు? మెక్సికోలో దీన్ని నోపాల్ అంటారు, పండును తూనా అంటారు. లేత మట్టల ముళ్ళు చెక్కి కూర వండుకుంటారు. పండు తింటారు. గద్ద ఒకటి నాగజెముడు మీద వాలి కనిపించిన చోట తమ నగరం కట్టుకొమ్మని దేవుడు ఆనతిచ్చాడని అజ్టెక్కుల నమ్మకం. ఆ విధంగా 1325లో వెలసిందని చెప్పే తెనోచ్‌తిత్లాన్ నగరమే నేటి మెక్సికో సిటీకి పునాది. నాగజెముడు మీద గద్ద ఈనాటికీ ఆ దేశపు జెండా మీద ఉంది.

ఆ మొక్క మీద బతికే పురుగు ఒకటి ఉంది. దాని పేరు కొచినీల్. ఆడపురుగుకు రెక్కలుండవు. తెల్లటి దూదిలాంటి మైనం కప్పుకుని మట్టకు అతుక్కుని రసం పీలుస్తుంది. నలిపితే నెత్తురులాంటి రంగు. ఆ రంగు కార్మినిక్ ఆమ్లం. ఒక పౌను సరుకు కావాలంటే దాదాపు 70,000 పురుగుల్ని ఎండబెట్టాలి. 1521లో స్పెయిన్‌వారు ఆ దేశాన్ని జయించాక, మెక్సికో ఎగుమతుల్లో వెండి తర్వాత స్థానం ఈ పురుగుదే. ఐరోపాలో రాజుల దుస్తులకూ, ఇంగ్లీషు సైనికాధికారుల ఎర్రకోట్లకూ ఈ రంగే. రహస్యం బయటపడనీయకుండా స్పెయిన్ జాగ్రత్త పడింది. అది పురుగో గింజో చాలాకాలం ఐరోపాకు తెలియనే తెలియదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పుట్టిన చోట నాగజెముడు చుట్టూ దాని రసం పీల్చే పురుగులున్నాయి, మట్ట తొలిచే గొంగళ్ళున్నాయి, ఆ పురుగుల్ని తినే పురుగులూ ఉన్నాయి. ఎవరినీ హద్దు దాటనివ్వని కట్టుబాటు అది. మొక్కను ఓడెక్కించినవాళ్ళు మట్టను మాత్రమే తీసుకుపోయారు గాని ఆ కట్టుబాటును తీసుకుపోలేదు.

మద్రాసులో రంగు వేట

స్పెయిన్ గుత్తాధిపత్యం చూసి ఈస్టిండియా కంపెనీకి కన్ను కుట్టింది. మద్రాసులో కంపెనీ వైద్యాధికారి జేమ్స్ ఆండర్సన్ సైదాపేటలో నాగజెముడు తోట వేసి, కొచినీల్ పురుగు కోసం ఎదురు చూశాడు. 1795లో కెప్టెన్ నీల్సన్ అనే ఆయన బ్రెజిల్ నుంచి పురుగుల్ని కలకత్తా చేర్చాడు. అయితే వచ్చింది మెక్సికో పెంపుడు పురుగు కాదు, దాని అడవి దాయాది. దాని రంగు నాసి రంగు. కంపెనీ రంగు వ్యాపారం మునిగింది.

అయితే ఎవరూ అనుకోని పని ఒకటి జరిగింది. ఆ అడవి పురుగు ఒపన్షియా మోనకాంతా అనే ఒక జాతి నాగజెముడును ఉత్తర, మధ్య భారతాల్లో ఊళ్ళకు ఊళ్ళు తినేసింది. అది చూసి 1836-38 మధ్య దక్షిణాదికీ తెచ్చి వదిలారు. కలుపు మొక్కను చంపడానికి కావాలని పురుగును వాడడం లోకంలో అదే మొదటిసారని చరిత్రకారులు లెక్క వేస్తారు. 1860ల్లో ఇక్కడి నుంచి సింహళానికి కూడా వెళ్ళింది. ఒక దేశం నుంచి మరొక దేశానికి ఇలాంటి సాయం అందడం కూడా అదే మొదలు.

అయినా మన బెడద తీరలేదు. ఎందుకని? ఈ పురుగులు చాలా పట్టింపు గల జీవాలు. మోనకాంతాను తినే పురుగు దాని పక్కనే ఉన్న డిల్లెనీ జాతిని ముట్టదు. మన దక్షిణాది పొలాల్లో అడవిలా పెరిగింది ఆ డిల్లెనీయే, పసుపు పువ్వు పూసి ఎర్రటి పండు కాచే మన నాగజెముడు. దీన్ని నరికితే చావదు. నరికిన ప్రతి ముక్కా పడ్డ చోట వేళ్ళూనుతుంది. గొడ్డలి పెట్టినవాడు ఒక పొదను పది పొదలు చేసినవాడవుతాడు. పండు తిన్న పక్షులు గింజల్ని ఊరూరా చల్లుతాయి. చివరకు 1926లో డిల్లెనీని తినే మరొక రకం కొచినీల్ పురుగును శ్రీలంక నుంచి తెచ్చి వదిలారు. కొద్ది సంవత్సరాల్లోనే దక్షిణాదిలో నాగజెముడు అడవులు కుళ్ళి కూలిపోయాయి. ఇవాళ మన ఊళ్ళలో దిబ్బకొకటి గట్టుకొకటిగా మాత్రమే కనిపిస్తోందంటే ప్రధాన కారణం మన కత్తీ గొడ్డలీ కాదు, దూది కప్పుకున్న ఆ చిన్న పురుగు.

ఆస్ట్రేలియా యుద్ధం

ఇంతకంటే పెద్ద కథ ఆస్ట్రేలియాది. 1788లో ఇంగ్లండు నుంచి ఖైదీలను తీసుకుపోయిన మొదటి ఓడల దండుతోనే నాగజెముడు అక్కడ దిగింది. దాన్ని రియో డి జనీరోలో ఎక్కించింది కెప్టెన్ ఆర్థర్ ఫిలిప్. అక్కడా ఆశ ఎర్రరంగు మీదే. తర్వాత వేరే జాతులు కంచెల కోసం వచ్చాయి. 1925 నాటికి దాదాపు 6 కోట్ల ఎకరాల భూమి నాగజెముడు పాలయింది. అందులో సగం మనిషి కాలు పెట్టడానికి వీల్లేనంత దట్టం. ఆర్సెనిక్ విషాలు చల్లారు, నరికారు, కాల్చారు. భూమి విలువ కంటే దాన్ని బాగుచేసే ఖర్చు ఎక్కువ కావడంతో రైతులు ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి పోయారు.

1925లో అలన్ డాడ్ అనే శాస్త్రజ్ఞుడు అర్జెంటీనా నుంచి కాక్టోబ్లాస్టిస్ అనే రెక్కల పురుగు గుడ్లను పంపించాడు. మొత్తం 3,000కు మించవు. ఆ పురుగు గుడ్లను ఒకదాని మీద ఒకటిగా పేర్చి పెడుతుంది, చూడడానికి అదీ ఒక ముల్లులాగే ఉంటుంది. పొదిగిన గొంగళ్ళు గుంపుగా మట్టలోకి దూరి లోపలి కండనంతా తినేస్తాయి. మట్ట కుళ్ళి నీరై కారిపోతుంది. ఆ గుడ్ల సంతతినే కోట్ల సంఖ్యలో పెంచి 1926 నుంచి పొలాల్లో పంచారు. 1933కల్లా ఆ అడవిలో చాలా భాగం నేలమట్టమైంది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో బూనార్గా అనే పల్లె రైతులు 1936లో ఒక సమావేశ మందిరం కట్టుకుని ఆ పురుగు పేరు పెట్టుకున్నారు. రాజులకూ నాయకులకూ స్మారక మందిరాలు కట్టడం మనకు తెలుసు. పురుగుకు కట్టిన చోటు నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

నాణేనికి రెండో వైపు

కథ ఇక్కడితో ఆపితే నాగజెముడు దుష్టపాత్ర, పురుగు నాయకపాత్ర అయి కూర్చుంటాయి. చాలా పుస్తకాలు అలాగే ఆపేస్తాయి. కాని మడగాస్కర్ దీవిలో ఏం జరిగిందో చూడండి.

ఆ దీవి దక్షిణ కొసన అంద్రోయ్ అనే మెట్టప్రాంతం ఉంది. వానలు తక్కువ. అక్కడి అంతాంద్రోయ్ జనం పశువుల కాపరులు. 18వ శతాబ్దంలో వచ్చిన నాగజెముడును వారు తమది చేసుకున్నారు. ఊరికి కంచె అదే. ఎండాకాలంలో ముళ్ళు కాల్చి పశువులకు పెట్టే మేత అదే. నీరు దొరకని రోజుల్లో మనిషికి దాహం తీర్చే పండూ అదే. ఫ్రెంచి పాలకుల్లో, వలస వచ్చిన తెల్ల రైతుల్లో కొందరికి మాత్రం అది భూమిని ఆక్రమించిన కలుపుగా, తమకు లొంగని జనం దాక్కునే కోటగా కనిపించింది. 1924లో ఆ దీవిలో కొచినీల్ పురుగును వదిలారు. 1930 నాటికి దక్షిణాన నాగజెముడు దాదాపు మాయమైంది. పశువులు చచ్చాయి, మనుషులు ఆకలితో చచ్చారు, మిగిలినవాళ్ళు కూలికి వలసపోయారు. మన దేశానికి మేలు చేసిన ఆ కొచినీల్ తెగ పురుగే అక్కడ కరువు తెచ్చింది.

రెండో సంఘటన ఇంకా దగ్గరిది. ఆస్ట్రేలియాలో పేరు తెచ్చుకున్న కాక్టోబ్లాస్టిస్‌ను 1957లో కరీబియన్ సముద్రంలోని నెవిస్ దీవికి తెచ్చారు. దీవి నుంచి దీవికి పాకి 1989లో అది అమెరికాలోని ఫ్లోరిడాలో బయటపడింది. 2006లో మెక్సికో తీరాన ఉన్న ఇస్లా ముహేరెస్ దీవిలో కనిపించింది. నాగజెముడు జెండా మీద ఉన్న దేశానికి, దాన్ని పంటగా పండించే దేశానికి అది ఎంత గుండెదడో వేరే చెప్పాలా? సోకిన మట్టలన్నీ ఏరి నాశనం చేసి 2009 నాటికి ఆ దీవిలో పురుగును నిర్మూలించారు. ఫ్లోరిడాలో మాత్రం అది ఇంకా ఉంది.

మూడోది మొరాకో. అక్కడి మెట్ట రైతులకు నాగజెముడు పండు అమ్మకమే ఆదాయం, పొలానికి కంచె, గొర్రెలకు మేత. 2014లో ఆ దేశంలో కొచినీల్ పురుగు కనిపించింది. కొద్ది ఏళ్ళలో తరతరాల తోటలు తెల్లబడి కూలిపోయాయి. అది 1926లో మనం చేతులు జోడించి ఆహ్వానించిన జాతి పురుగే!

మరి మనం ఏం చెయ్యాలి?

అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరుగుతుంది. అదీ పడవలసినప్పుడు పడదు. గడ్డి ఎండిపోయి పశువుల్ని అంగడికి తోలే రోజుల్లో, పచ్చగా నిలబడే మేత ఏదైనా ఉంటే రైతుకు అంతకంటే కావలసిందేముంది? మేతకు నాటమంటున్నది మన డిల్లెనీ కాదు, ఫైకస్ ఇండికా అనే జాతిలో ముళ్ళు లేని రకాలు. అమెరికాలో లూథర్ బర్బాంక్ 20వ శతాబ్దం మొదట్లోనే ఇలాంటి రకాలకు ఎంతో ప్రచారం చేశాడు. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో కరువు రోజుల్లో ఆవులకూ మేకలకూ ఆధారం ఇదే.

దీన్ని నేను కాదనను. కాని నాటేముందు తెలుసుకోవలసినవి నాలుగున్నాయి.

మొదటిది, ఇది నీళ్ళ మేత. పచ్చి మట్టలో దాదాపు 90 శాతం నీరే. మాంసకృత్తులు తక్కువ. ఒక్క దీన్నే పెడితే పశువు పారుకుంటుంది. చొప్ప, ఎండుగడ్డి, కాస్త పప్పుజాతి మేత కలిపి పెట్టాలి. నీళ్ళకు నీళ్ళు, మేతకు కొంత మేత, అంతే. దీన్ని కామధేనువని చెప్పేవాణ్ణి నమ్మవద్దు.

రెండోది, నీరు నిలిచే నల్లరేగడిలో వేళ్ళు కుళ్ళుతాయి. ఎర్ర గరపనేలల్లో, రాతి గట్ల మీద బతుకుతుంది.

మూడోది, మట్ట నాటితే ముళ్ళులేని మొక్కే వస్తుంది గాని, పండులోని గింజ మొలిస్తే ముళ్ళున్న మొక్క రావచ్చు. కాయల్ని పక్షుల పాలు చేస్తే మళ్ళీ కథ మొదటికి వస్తుంది.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యమైనది. 1926లో తెచ్చిన కొచినీల్ వంశం మన నేల మీద ఇంకా ఉంది. అది ఈ మేత జాతిని కూడా తింటుంది. బ్రెజిల్ మేత తోటల్ని పాడు చేస్తున్నది కూడా అదే. అంటే మన దేశంలో ఈ మొక్క అడవిలా రెచ్చిపోకుండా ఒక కాపలాదారు ఉన్నాడు. మంచిదే. కాని ఆ కాపలాదారు రైతు తోటకూ అడవికీ తేడా చూడడు. తోట వేసినవాడు మట్టల మీద తెల్ల దూది కనిపించగానే కోసి కాల్చెయ్యాలి, పురుగుకు తట్టుకునే రకాల్ని అడిగి తెచ్చుకోవాలి. మొక్కను పంచేవారు ఈ మాట కూడా చెప్పి పంచాలి. చెప్పకుండా పంచితే మూడో ఏట తోట కూలినప్పుడు నష్టపోయేది రైతు.

ఇలా ఎందుకు హెచ్చరిస్తున్నానంటే మనకు ఇంకొక అనుభవం కళ్ళముందే ఉంది. తెలంగాణలో సర్కారు తుమ్మ అనే చెట్టు కూడా అమెరికాదే. మెట్టభూముల్లో వంటచెరకు దొరుకుతుందని, పచ్చదనం వస్తుందని మంచి ఉద్దేశంతోనే తెచ్చారు. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఈనాడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది ఎక్కని చెరువుకట్ట లేదు, దూరని బంజరు లేదు. దాన్నే కొట్టి బొగ్గు కాల్చుకుని బతికే కుటుంబాలూ ఉన్నాయి, దానివల్ల పొలం పోగొట్టుకున్న కుటుంబాలూ ఉన్నాయి. తెచ్చినవారు దాని గుణాలు లెక్క వేశారు గాని, ఇక్కడ దాన్ని అదుపులో పెట్టేది ఎవరని అడగలేదు.

నాగజెముడు నేరమేమిటి అన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇది. నీటిని పొదుపు చేయడం, ముక్క పడ్డ చోటల్లా బతకడం దాని స్వభావం. ఎడారిలో బతకాలంటే అవి కావాలి. ఆ స్వభావం మెక్సికోలో వరమైంది, ఆస్ట్రేలియాలో శాపమైంది, మడగాస్కర్‌లో ప్రాణాధారమైంది. తేడా అంతా చుట్టూ ఉన్న పురుగుల్లో, మనుషుల్లో, ఆ మనుషుల్లో నిర్ణయం ఎవరి చేతిలో ఉందన్నదాంట్లో ఉంది. రంగు వ్యాపారం కోసం కంపెనీవారు నిర్ణయించారు. అంద్రోయ్ కాపరుల్ని ఒక్క మాటైనా అడగకుండా పాలకులు నిర్ణయించారు. రెండు చోట్లా ఫలితం అనుభవించింది వేరేవాళ్ళు.

అందుచేత ఒక కొత్త మొక్కను గాని, పురుగును గాని ఊళ్ళోకి తెచ్చేటప్పుడు మూడు ప్రశ్నలు అడగడం మనం అలవాటు చేసుకోవాలి. ఇక్కడ దీన్ని తినేది ఏది? ఇది ఇంకా దేన్ని తింటుంది? దీనితో బతికేవాళ్ళను, దీనివల్ల నష్టపోయేవాళ్ళను ఇద్దరినీ అడిగామా? రేపు మనలో కొందరు వ్యవసాయాధికారులవుతారు, కొందరు పంచాయతీల్లో కూర్చుంటారు, కొందరు సొంత పొలానికే తిరిగి వెళతారు. మేత కోసం మట్టలు పంచే లారీ మన ఊరికి వచ్చిన రోజున ఈ మూడు ప్రశ్నలూ అడిగేవాడు ఒక్కడున్నా చాలు.